భాన్‌గఢ్ ఐతిహ్యాలు: శాపం, శిథిలం, సూచనఫలకం

వ్యాససంగ్రహం

రాజస్థాన్‌లోని సరిస్కా అడవి అంచున ఉన్న భాన్‌గఢ్ కోట దేశంలో దయ్యాల కోటగా ప్రసిద్ధి పొందింది. ఈ ప్రసిద్ధికి రెండు శాపకథలు, ఒక ప్రభుత్వ సూచనఫలకం ఆధారాలుగా నిలిచాయి. శాపకథలను స్థలచరిత్రతోను, మధ్యయుగ భక్తసాహిత్యంలోని రత్నావతి వృత్తాంతంతోను పోల్చడం, సూచనఫలకాన్ని సంపూర్ణంగా చదవడం ఈ వ్యాస లక్ష్యాలు. ఒక పట్టణం క్రమంగా ఖాళీ అయిన చరిత్రను శాపకథ ఒక్క రాత్రికి కుదించిందని, ఆ కుదింపులో కరవు బాధితులు, భక్తురాలైన ఒక స్త్రీ, నేటి పశుపాలకులు కనుమరుగయ్యారని ఈ వ్యాసం నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: భాన్‌గఢ్, సరిస్కా, స్థల ఐతిహ్యం, శాపం, రత్నావతి, భక్తమాల, చాలీసా కరవు, ఐతిహ్యయాత్ర.

1. ఉపోద్ఘాతం

జానపద గద్యాఖ్యానాలను పురాణం, ఐతిహ్యం, కథ అని మూడు విధాలుగా విభజించడం జానపద విజ్ఞానంలో స్థిరపడిన పద్ధతి. విలియం బాస్కమ్ 1965లో ఈ విభజనను సిద్ధాంతీకరించాడు. కథను కల్పనగా వింటారు. ఐతిహ్యాన్ని జరిగినదిగా చెబుతారు. అందువల్ల ఐతిహ్యానికి ఒక చోటు, ఒక కాలం, ఒక సాక్ష్యం అవసరమవుతాయి. “నమ్మకపోతే వెళ్లి చూడండి” అని చెప్పగలగడమే దాని బలం.

దయ్యాల ఐతిహ్యాలలో ఈ లక్షణం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగునాట ఊరి చివరి చింతచెట్టు, పాడుబడిన బావి, దిగుడుమెట్ల కోనేరు, ఎవరూ కాపురముండని మేడ ఇటువంటి సాక్ష్యాలే. రాత్రిపూట అటు వెళ్లినవారికి ‘గాలి సోకింది’ అనడం ఇంకా వినిపిస్తూనే ఉంది. అయితే ఇవి ఆ ఊరి పొలిమేర దాటని ఐతిహ్యాలు. భాన్‌గఢ్ విషయంలో ఒక స్థానిక ఐతిహ్యం పొలిమేరలు దాటి దేశమంతటికీ తెలిసింది. తెలుగు ప్రేక్షకులకు కూడా ఆ కోట పేరు టెలివిజన్, యూట్యూబ్ కార్యక్రమాల ద్వారా పరిచితమే. ఇంతటి వ్యాప్తి పొందిన ఐతిహ్యం ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పకుండా వదిలిందో పరిశీలించడం అవసరం.

2. స్థలం, చరిత్ర

భాన్‌గఢ్ అల్వర్ జిల్లాలో, జైపూర్‌కు ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఆరావళీ కొండల ఒడిలో ఉంది. సమీప గ్రామం గోలా కా బాస్. కోటకు ఎగువన ఉన్న కొండలు సరిస్కా జాతీయ ఉద్యానం, పులుల అభయారణ్యం వైపు సాగుతాయి.

ఆంబేర్ పాలకుడు భగవంత్ దాస్ 1573లో ఈ పట్టణాన్ని నిర్మించాడని ప్రసిద్ధి. ఇది అతని కుమారుడు మాధోసింగ్‌కు నివాసమైంది. అక్బర్ ఆస్థానంలో ప్రముఖ సేనానిగా పేరొందిన మాన్‌సింగ్‌కు మాధోసింగ్ సోదరుడు. మాధోసింగ్ తరువాత అతని కుమారుడు ఛత్రసింగ్, అనంతరం అతని సంతతివారు పాలించారు. వారిలో అజబ్‌సింగ్ సమీపంలోనే అజబ్‌గఢ్‌ను నిర్మించాడు. ఈ విధంగా ఒకే వంశానికి రెండు కేంద్రాలు ఏర్పడ్డాయి.

ఔరంగజేబు మరణానంతరం మొఘల్ అధికారం సడలింది. 1720లో సవాయి జైసింగ్ భాన్‌గఢ్‌ను తన రాజ్యంలో కలుపుకున్నాడు. రాజనివాసం పోయినప్పుడు దానిని ఆశ్రయించుకొని బతికే వర్తకులకు, చేతివృత్తులవారికి, కళాకారులకు కూడా ఆధారం పోతుంది. ఆ క్షీణదశలోనే 1783లో ఉత్తర భారతాన్ని పట్టి కుదిపిన కరవు వచ్చింది. విక్రమశకం 1840లో సంభవించినందున ప్రజలు దానికి ‘చాలీసా’, అంటే ‘నలభై’ అని పేరు పెట్టారు. కరవు తరువాత భాన్‌గఢ్ పూర్తిగా నిర్జనమైందని చరిత్రకారులు భావిస్తారు.

నేడు అక్కడ కనిపించే శిథిలాలు ఈ క్రమాన్నే సూచిస్తాయి. ప్రాకార ద్వారాలు దాటగానే బజారు వీధి, దానికి రెండు వైపులా వరుసగా అంగళ్ల గోడలు, నర్తకి హవేలీగా పిలిచే భవనం, పురోహితుని హవేలీ, ఎత్తైన అధిష్ఠానంపై గోపీనాథ ఆలయం, నీటిమడుగు పక్కన సోమేశ్వర ఆలయం, అన్నింటికీ పైన కొండవాలున రాజప్రాసాదం ఉన్నాయి. ఇది సైన్యం మాత్రమే ఉన్న దుర్గం కాదు. కొనుగోలు, అమ్మకం, పూజ, వినోదం అన్నీ సాగిన పట్టణం.

3. రెండు శాపకథలు

పట్టణం నాశనం కావడానికి కారణంగా రెండు ఐతిహ్యాలు ప్రచారంలో ఉన్నాయి.

మొదటిది బాలూనాథ్ అనే తపస్వికి సంబంధించినది. పట్టణం కట్టుకోవడానికి ఆయన ఒక షరతుపై అనుమతించాడు. ప్రాసాదపు నీడ తన తపోభూమిపై పడరాదు. తరువాతి తరం రాజు ఒకడు ప్రాసాదాన్ని మరింత ఎత్తు పెంచాడు. నీడ తపోభూమిని తాకింది, పట్టణం నశించింది. అక్కడ ఇళ్లకు కప్పు నిలవదన్న నమ్మకాన్ని కూడా ఈ శాపంతోనే ముడిపెడతారు.

రెండవది సింఘియా అనే తాంత్రికుని కథ. అతడు భాన్‌గఢ్ రాజకుమారి రత్నావతిని మోహించాడు. ఆమె దాసి బజారులో పరిమళతైలం కొనడం చూసి, ఆ తైలాన్ని మంత్రించాడు. దానిని తాకిన రత్నావతి తనకు వశం కావాలన్నది అతని పన్నాగం. ఆమె దానిని గ్రహించి తైలాన్ని ఒక బండమీద పారబోసింది. ఆ బండ దొర్లుకుంటూ వెళ్లి తాంత్రికుణ్ణే నలిపివేసింది. చనిపోతూ అతడు పట్టణాన్ని శపించాడు. కొన్ని కథనాలలో రత్నావతి రాజకుమారి కాదు, రాణి. కోట ఎదుటి కొండపై ఉన్న చిన్న ఛత్రీని ఆ తాంత్రికుని స్థావరంగా చూపిస్తారు.

స్టిత్ థాంప్సన్ కథాంశ సూచికలో శాపాలకు ఎం-400 మొదలుకొని, వశీకరణ వస్తువులకు డి-1355 కింద స్థానం ఉంది. అంటే ఈ కథలలోని ముఖ్యాంశాలు భాన్‌గఢ్‌కు మాత్రమే పరిమితమైనవి కావు. ‘మందు పెట్టడం’ అనే తెలుగు నమ్మకం కూడా ఈ వర్గానిదే. భాన్‌గఢ్‌కు ప్రత్యేకమైనది ఆ కథాంశాలు స్థలంతో అతుక్కున్న తీరు. మొదటి కథ ప్రాసాదపు ఎత్తును, కప్పులేని ఇళ్లను వివరిస్తుంది. రెండవది బజారును, బండలను, కొండపై ఛత్రీని వివరిస్తుంది. కనుక ఈ రెండూ కారణకథలు. చూపరికి కలిగే ప్రశ్నలకు స్థలమే ఇచ్చినట్లుగా జవాబులు చెబుతాయి.

ఆలయాల పైకప్పులు నిలిచి ఇళ్ల కప్పులు పోవడానికి శాపం అవసరం లేదు. ఆలయాలు ఆసాంతం రాతితో, భారాన్ని గోడలపైకి క్రమంగా దించే పద్ధతిలో నిర్మితమైనవి. మనుషులు మరమ్మతు చేయని ఇంటికి మొదట పోయేది కప్పే. వదిలిన ఊళ్ల దూలాలు, పలకలు చుట్టుపక్కల కొత్త ఇళ్లకు తరలిపోవడం ఎక్కడైనా జరిగేదే. ఈ సాధారణ వాస్తవం కంటే ‘కప్పు నిలవని ఊరు’ అన్న మాటకు జ్ఞాపకంలో నిలిచే శక్తి ఎక్కువ.

4. రత్నావతి: భక్తమాల నుండి శాపకథ వరకు

తాంత్రికుని కథలో గమనించవలసిన పేరు రత్నావతి. నాభాదాసు రచించిన భక్తమాలలో స్మరించిన భక్తురాండ్రలో ఒక రత్నావతి ఉంది. ప్రియాదాసు 1712లో పూర్తిచేసిన భక్తిరసబోధినీ వ్యాఖ్యానం ఆమె కథను విస్తరిస్తుంది. ఆమె ఆంబేర్ రాజు మాన్‌సింగ్ సోదరుడైన మాధోసింగ్ భార్య. అంటే భాన్‌గఢ్ ఎవరి నివాసంగా వెలసిందో ఆ మాధోసింగ్ ఇల్లాలు.

ఆ వృత్తాంతం ప్రకారం ఒక దాసి నోట కృష్ణనామం విని రత్నావతికి భక్తి కలిగింది. ఆమె దాసిని గురువుగా గౌరవించింది. పరదా విడిచి సాధువులను సేవించింది. ఇది రాజకుటుంబానికి తలవంపుగా తోచింది. ఆమెను చంపడానికి ఒక క్రూరమృగాన్ని మందిరంలోకి వదిలారు. ఆమె దానిని నరసింహునిగా భావించి పూజించింది. మృగం ఆమెకు హాని చేయలేదు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే నిర్మాణంలో గల సామ్యం స్పష్టమవుతుంది. రెండింటిలోను నాయిక పేరు ఒకటే. రెండింటిలోను బయటి లోకానికి, అంతఃపురానికి మధ్య దాసి వంతెనగా ఉంది. రెండింటిలోను నాయికను లోబరచుకోవడానికో చంపడానికో ఒకటి అంతఃపురంలోకి పంపబడుతుంది. రెండింటిలోను ఆమె దాని నిజస్వరూపాన్ని గుర్తించి గెలుస్తుంది. తేడా ముగింపులో ఉంది. భక్తికథలో ఆమె గెలుపు కుటుంబానికి కూడా క్షేమం కలిగిస్తుంది. శాపకథలో ఆమె గెలుపే పట్టణానికి చావై పరిణమిస్తుంది.

ఒక కథ మరొకదాని నుండి పుట్టిందనడానికి ఈ పోలికలు మాత్రమే చాలవు. అయితే ఒకే రాజకుటుంబం చుట్టూ ఒకే పేరుతో ఇటువంటి రెండు ఆఖ్యానాలు ఉండగా, ఒకటి మాత్రమే నేడు భాన్‌గఢ్‌లో వినిపించడం ఆలోచించదగినది. తన ఇష్టప్రకారం సాధుసంగమం కోరుకున్న స్త్రీ కథ భక్తుల గ్రంథాలకు పరిమితమైంది. ఒక పురుషుని మోహానికి కేంద్రమైన సౌందర్యవతి కథ కోటకు మిగిలింది. నేడు సందర్శకులు విని వెళ్లేది ఆ రెండవ కథనే.

5. సూచనఫలకం: మొదటి వాక్యం, తరువాతి వాక్యాలు

దయ్యాల ప్రసిద్ధికి అతి బలమైన ఆధారంగా అందరూ చూపేది భారత పురావస్తు సర్వేక్షణ శాఖ హిందీలో నిలిపిన ఫలకాన్ని. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత భాన్‌గఢ్ హద్దులలో ప్రవేశం నిషిద్ధమని దానిలో ఉంది. “ప్రభుత్వమే ఒప్పుకుంది” అన్న మాట ఇక్కడినుండే పుట్టింది.

ఫలకంపై దయ్యం ప్రస్తావన లేదు. ప్రాచీన స్మారకాల చట్టం 1958లో వచ్చింది, దాని నియమావళి 1959లో వచ్చింది. ప్రత్యేకంగా వేళలు నిర్ణయించని రక్షిత స్మారకాలు సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు తెరిచి ఉండాలన్నది ఆ నియమావళిలోని సాధారణ నిబంధన. తాజ్‌మహల్ సందర్శన వేళలకు కూడా సూర్యోదయ సూర్యాస్తమయాలే కొలత. అక్కడ ఆ నియమంలో ఎవరికీ దయ్యం కనిపించలేదు. కథ ముందుగా ఉన్న చోట మాత్రమే నియమం సాక్ష్యంగా మారుతుంది. ప్రభుత్వం దయ్యం మాట ఎత్తకపోవడం కూడా నమ్మినవారి దృష్టిలో దాచిపెట్టడమే అవుతుంది. నిషేధం, మౌనం రెండూ నమ్మకానికే బలం చేకూర్చాయి.

ఫలకం మొదటి వాక్యంతో ముగియదు. ఆ ప్రాంతంలో ప్రవేశించే పశువుల కాపరులపై, కట్టెలు కొట్టేవారిపై చట్టపరమైన చర్య తీసుకుంటామని రెండవ అంశం హెచ్చరిస్తుంది. అక్కడి మొగలిచెట్లు శాఖకు చెందినవని, వాటికి హాని చేయరాదని మూడవ అంశం చెబుతుంది. దయ్యాల ప్రచారంలో మొదటి వాక్యం ఎంత ప్రసిద్ధమో ఈ రెండూ అంత అప్రసిద్ధం.

నిజానికి స్థలచరిత్రకు ఈ రెండు వాక్యాలే విలువైనవి. కాపరులను నిషేధించవలసి వచ్చిందంటే కాపరులు వస్తున్నారని అర్థం. కట్టెలు కొట్టరాదని రాయవలసి వచ్చిందంటే ఆ అవసరం ఉన్న పొయ్యిలు సమీపంలోనే ఉన్నాయని అర్థం. నిర్జనమని, మనిషి అడుగుపెట్టడానికి జంకే చోటని ప్రచారమైన స్థలంలో అధికారులకు ఎదురైన సమస్య మనుషులు రాకపోవడం కాదు, రావడమే.

మొగలి ప్రస్తావన మరొక ఆలోచనకు దారి తీస్తుంది. మొగలిపూల నుండి అత్తరు తీస్తారు. తాంత్రికుడు మంత్రించినది కూడా పరిమళతైలమే. ఆ తైలం మొగలిదని కథ చెప్పదు. కాని మొగలి వాసన ఉన్న స్థలంలో అత్తరు కథ కుదురుకోవడం సహజం. మొగలిపొదలో పాము ఉంటుందన్న నమ్మకం, అబద్ధసాక్ష్యం చెప్పినందుకు శివపూజకు పనికిరాకుండా మొగలిపువ్వు శాపం పొందిందన్న పురాణకథ తెలుగువారికి సుపరిచితాలు. పరిమళం, భయం, శాపం ఒకే పువ్వు చుట్టూ చేరడం భాన్‌గఢ్‌తో మొదలైనది కాదు.

6. రాత్రి సందర్శన: ఐతిహ్యాన్ని ఆచరించడం

లిండా డేగ్, ఆండ్రూ వాజోనీ 1983లో ప్రచురించిన వ్యాసంలో ప్రజలు ఐతిహ్యాలను చెప్పడమే కాక ఆచరణలో చూపుతారని ప్రతిపాదించారు. భయం కలిగించే కథ ఉన్న చోటికి కొందరు కలిసి వెళ్లి పరీక్షించడాన్ని తరువాతి పరిశోధకులు ప్రత్యేక ఆచారంగా గుర్తించారు. దీనిని ‘ఐతిహ్యయాత్ర’ అనవచ్చు. కథను వినడం, చోటికి బయలుదేరడం, నిషేధాన్ని దాటడం, తిరిగివచ్చి చెప్పడం దీనిలోని దశలు. నాలుగవ దశలో శ్రోత కథకుడవుతాడు. ఐతిహ్యం పెరిగేది అక్కడే.

భాన్‌గఢ్‌లో నిషేధం ఉండడం ఈ యాత్రకు ఆకర్షణ పెంచింది. రాత్రివేళ ఆ పరిసరాలలో వినిపించే శబ్దాలకు కొదవ లేదు. సరిస్కా అడవుల్లో చిరుతపులులు, దొమ్ములగొండ్లు, నక్కలు, గుడ్లగూబలు ఉన్నాయి. చిరుతను చూసిన కొండముచ్చు అరుపు, చీకటిలో బెదిరిన నెమలి కేక తెలియనివారికి మనిషి ఆర్తనాదంలా వినిపించగలవు. ఆ శబ్దాలను అడవి పక్కన బతికేవారు జంతువు పేరుతో గుర్తిస్తారు. కథ విని వచ్చినవారు కథతో గుర్తిస్తారు. రాత్రి ప్రవేశంలో నిజమైన అపాయం కూలడానికి సిద్ధంగా ఉన్న గోడలు, మరుగున ఉన్న గుంటలు, వేటకు తిరిగే మృగాలు. దయ్యాన్ని గూర్చిన భయం ఈ అపాయాలను కనబడకుండా చేస్తుంది.

పగటి భాన్‌గఢ్ స్వభావం వేరు. ప్రవేశద్వారం వద్ద హనుమంతునికి పూజలు జరుగుతాయి. ఎగువ అడవిలోని పాండుపోల్ హనుమంతుని ఆలయానికి ఏటా పెద్దసంఖ్యలో యాత్రికులు వెళతారు. ఒకే అడవిలో ఒక తోవ మొక్కు తీర్చుకోవడానికి, మరొక తోవ భయాన్ని అనుభవించడానికి వెళుతున్నది.

7. అడవి, పులి, కాపరి

సరిస్కా ఒకప్పుడు అల్వర్ రాజుల వేటస్థలం. 1978లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. 2005 నాటికి అక్కడ ఒక్క పులి కూడా మిగలలేదని నిర్ధారణ అయింది. ప్రధాన కారణం దొంగవేట. కేంద్రం అదే సంవత్సరం సునీతా నారాయణ్ అధ్యక్షతన ఒక కార్యదళాన్ని నియమించింది. అడవిలో, అడవి అంచున నివసించే ప్రజలను శత్రువులుగా చేసుకొని పులిని కాపాడలేమన్నది ఆ నివేదికలోని ముఖ్యమైన వాదనలలో ఒకటి. 2008 జూన్‌లో రణథంబోర్ నుండి హెలికాప్టర్‌లో పులిని తెచ్చి సరిస్కాలో విడిచారు. ఈ క్రమంలోనే అడవి లోపలి గ్రామాలను తరలించే ప్రయత్నాలు సాగాయి. వాటిలో ప్రధానంగా నష్టపోయినవారు గేదెలు, మేకలు మేపుకొని జీవించే గుజ్జర్ల వంటి పశుపాలకులు.

ఈ నేపథ్యంలో భాన్‌గఢ్ ఫలకంలోని కాపరి, సరిస్కా చరిత్రలోని కాపరి వేరు కాదు. ఒకవైపు స్మారకరక్షణ, మరొకవైపు వన్యప్రాణిరక్షణ. రెండింటి హద్దులూ అతని మేతదారి మీదనే పడ్డాయి. రక్షణ అవసరమే. కాని సరిహద్దు ఎవరి జీవనంపై గీస్తున్నారన్న ప్రశ్న కూడా అంతే అవసరం. శాపకథ ఆ ప్రశ్నను అడగనివ్వదు. ఊరు ఖాళీ కావడానికి తాంత్రికుడు కారణమైనప్పుడు రాజకీయం, కరవు, భూమి, మేత అనే మాటలకు తావుండదు.

ఖాళీ ఊరు అందంగా, భయంకరంగా కనిపిస్తుంది. అది ఖాళీ అయిన తీరు మాత్రం అందమైనది కాదు. చాలీసా కరవులో ధాన్యం దొరక్క వలసపోయిన అంగడివాడు, అతని వెంట నడిచిన పిల్లలు ఏ దయ్యపు కథలోను లేరు. వారికి పేర్లు లేవు, వారి శాపం ఎవరికీ గుర్తులేదు. గుర్తుండే శాపమంతా తాంత్రికునిదే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. భాన్‌గఢ్ నిర్జనం కావడం దీర్ఘకాలిక పరిణామం. 1720 నాటి అధికారమార్పు, 1783 నాటి కరవు దీనిలో ప్రధాన ఘట్టాలు. శాపకథ వీటిని ఒక్క సంఘటనగా కుదించింది.

2. బాలూనాథ్, సింఘియా కథలు స్థలంలో కనిపించే ఆనవాళ్లకు కారణం చెప్పే ఐతిహ్యాలు. వాటి కథాంశాలు విశ్వజనీనాలు, వాటి అమరిక స్థానికం.

3. మాధోసింగ్ భార్య రత్నావతి భక్తికథకు, తాంత్రికుని కథకు నిర్మాణసామ్యం ఉంది. భక్తమాల వ్యాఖ్యానాలను స్థానిక మౌఖిక కథనాలతో పోల్చే క్షేత్రపరిశోధన ఈ దిశలో ఉపయుక్తం.

4. సూర్యాస్తమయ నిషేధం సాధారణ నిబంధన. ముందే ఉన్న కథ దానిని దయ్యానికి సాక్ష్యంగా మార్చింది.

5. ఫలకంలోని మిగిలిన వాక్యాలు కాపరులు, కట్టెలు కొట్టేవారు, మొగలిచెట్లు ఉన్న సజీవమైన స్థలాన్ని చూపుతాయి.

దయ్యాల ఐతిహ్యాలను మూఢనమ్మకాలుగా కొట్టిపారేయడం వల్ల పరిశోధనకు ప్రయోజనం లేదు. ఒక సమాజం తన శిథిలాలను చూసి అడిగిన ప్రశ్నలు వాటిలో ఉంటాయి. ఇంత పెద్ద ఊరు ఏమైందన్న ప్రశ్న భాన్‌గఢ్ కథలో నిజమైనదే. దానికి తాంత్రికుని పేరు జవాబుగా చెప్పి ఊరుకున్నంతకాలం బజారులో అంగళ్లు నడిపినవారి చరిత్ర, అంతఃపురంలో కృష్ణనామం విన్న రత్నావతి చరిత్ర, ఫలకం రెండవ వాక్యంలోని కాపరి చరిత్ర రాయవలసే ఉంటాయి.